ఆంబ్రోస్ అడిగాడు, వెర్నా కాదంది

ఆంబ్రోస్ కూబియాక్ అడక్కుండా ఏ పనీ చెయ్యడు. తుమ్ము వచ్చినా పక్కవాడి వైపు తిరిగి "తుమ్మనా?" అంటాడు. పక్కవాడు తేరుకుని "కానివ్వండి" అనేలోపు ఆ తుమ్ము కాస్తా వెనక్కి పోతుంది. చర్చి విందులో చివరి సాసేజి మిగిలితే, బల్ల చుట్టూ ఉన్న పద్నాలుగు మందినీ పేరుపేరునా అడిగి, అందరూ తినమన్నాక వంటావిణ్ణి అడగడానికి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి సాసేజి ఉండదు. ఆయనకి పెళ్ళి కాకపోవడానికీ కారణం ఇదే. పిల్ల ఒప్పుకుంది. వాళ్ళ నాన్ననీ అడగాలన్నాడు. ఆ నాన్న సరస్సు మీదికి చేపలకి వెళ్ళాడు. ఆంబ్రోస్ ఆయన వచ్చేదాకా ఆగాడు గాని, పిల్ల ఆగలేదు.

ఏటా నవంబరు మొదటి వారంలో ఆయన వెర్నా ఇంటికి వస్తాడు. మెట్టు మీద పడుకున్న కుక్కని ముందు "దాటనా?" అని అడుగుతాడు. దాటాక టోపీ తీసి తలుపు కొడతాడు.

"వెర్నా, ఈ ఏడు మీ పొలంలో జింకల వేటకి రానిస్తావా అమ్మా?"

"కుదరదండీ."

"చాలా సంతోషం."

ఈ సంభాషణ పన్నెండేళ్ళుగా ఒక్క మాట పెరగకుండా, ఒక్క మాట తగ్గకుండా సాగుతోంది.

వెర్నాది నూట అరవై ఎకరాల పొలం. భర్త హెరాల్డ్ పోయిన ఏడే చుట్టూ 'ప్రవేశం లేదు' అని బోర్డులు కొట్టించింది. మిగతా భూములు పట్నం వాళ్ళు కొనుక్కుని గేట్లకి తాళాలు వేసుకున్నారు. ఇక ఊరి వాళ్ళ వేటకి మిగిలింది ఎనభై ఎకరాల సర్కారు అడవి. సీజను మొదటి శనివారం అక్కడ చెట్టుకొక నారింజ కోటు వేటగాడు కనబడతాడు. చెట్లు చాలక బావా బావమరుదులు ఒకే చెట్టు కింద వంతులేసుకుంటారు. జింకలేమైనా వెర్రివా? మొదటి తుపాకీ పేలగానే కంచె దూకి వెర్నా పొలంలోకి వచ్చేస్తాయి. సీజను తొమ్మిది రోజులూ పుట్టింటికి వచ్చినట్టు మేసి, పడుకుని, మళ్ళీ మేస్తాయి.

వచ్చిన చిక్కేమిటంటే, అవి పుట్టిల్లు వదిలి వెళ్ళడం మానేశాయి. వెర్నా మూడేళ్ళు ప్రాణం పెట్టి పెంచిన నాలుగు వందల ఆపిల్ మొక్కల్లో పోయిన శీతాకాలం సగం తినేశాయి. ఈ మంచు కాలంలో మిగతా సగమూ తింటే తోట లేదు, వెర్నాకి బతుకుతెరువూ లేదు. అందుకని ఈ ఏడు ఆంబ్రోస్ అడిగితే సరే అనాలని గట్టిగా నిర్ణయించుకుంది.

ఆయన వచ్చాడు. కుక్కని అడిగాడు. టోపీ తీశాడు.

"వెర్నా, ఈ ఏడు మీ పొలంలో..."

"కుదరదండీ."

పన్నెండేళ్ళ అలవాటు, నోరు ఊరుకుంటుందా? ఆవిడ నాలిక కరుచుకునేలోపు ఆయన "చాలా సంతోషం" అనేసి ట్రక్కెక్కి పోయాడు.

పోనీ ఇంకొకరెవరైనా రాకపోతారా అనుకుంది. పిలిచి రమ్మనడం మాత్రం అక్కడ నామర్దా. అడగడం వేటగాడి పని, ఒప్పుకోవడం పొలం వాళ్ళ పని. బోర్డులన్నీ పీకేసింది. వచ్చినవాళ్ళకి పెడదామని ఆపిల్ ముక్కలు కూరి 'పై' అనే తీపి రొట్టె కాల్చింది. నాలుగు రోజుల్లో నాలుగు పైలు అయ్యాయి. నాలుగూ తనూ కుక్కా తిన్నారు. ఒక్క పురుగు తలుపు కొట్టలేదు.

గురువారం ఇక ఉండబట్టలేక దాణా కొట్టుకి వెళ్ళి, కొట్టు యజమాని డెల్మర్‌ని నిలదీసింది.

"మా ఇంటికి వేటకి ఎవరూ రారేం? బోర్డులు కూడా పీకేశానే!"

"ఎలా వస్తామండీ? ఆంబ్రోస్ అడిగి ఉన్నాడుగా."

"అడిగితే?"

"ఒకడు అడిగి జవాబు కోసం చూస్తుంటే, వాడి నెత్తి మీంచి వెళ్ళి అడుగుతామా? మా నాన్న ఆ మర్యాదలు నేర్పలేదు."

"ఇంకా జవాబేమిటి? పన్నెండేళ్ళుగా కుదరదనే చెప్తున్నాను!"

కొట్లో అందరూ నోళ్ళు తెరిచారు. బస్తా ఎత్తుకున్నవాడు దించడం మర్చిపోయాడు.

"ఆయనేమో మీరు ఆలోచిస్తున్నారన్నాడండీ," అన్నాడు డెల్మర్.

"పన్నెండేళ్ళా?"

"మేమూ అదే అనుకున్నాం. పాపం, మీకు ఆలోచన కాస్త నెమ్మదేమో అని సరిపెట్టుకున్నాం."

వెర్నా తిన్నగా ఆంబ్రోస్ ఇంటికి వెళ్ళింది. "ఊరందరికీ అబద్ధం చెప్తారా?" అంది గుమ్మంలోనే.

ఆంబ్రోస్ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"కోప్పడకమ్మా. హెరాల్డ్‌ని మట్టి చేసి వారం కాలేదు, మీ వాకిట్లో పదకొండు ట్రక్కులు. వేటకి రానిస్తావా అని ఒకడి తరవాత ఒకడు తలుపు కొట్టడం, నువ్వు కళ్ళు తుడుచుకుని వచ్చి కాదనడం. నేను ఏడోవాణ్ణి. సిగ్గేసిందమ్మా. వరసలో ముందు నేను నిలబడి కదలకపోతే, వెనకవాళ్ళూ కదలరు కదా అనుకున్నా."

ఆ మర్నాటి నుంచి తలుపు చప్పుడు ఆగిపోయిన మాట వెర్నాకి బాగా గుర్తుంది. బోర్డుల మహిమే అనుకుంది ఇన్నాళ్ళూ.

"సరే, ఈ ఏడు మీకు ఒప్పుకుంటున్నాను. శనివారం రండి," అంది.

ఆంబ్రోస్ బెంబేలెత్తిపోయాడు. "నేనా? నా తుపాకీ మేనల్లుడికి ఇచ్చేసి తొమ్మిదేళ్ళయిందే!"

"అయితే తుపాకీ ఉన్నవాళ్ళని తీసుకురండి. మీరు మాత్రం రాకుండా ఉండకండి."

శనివారం ఆరుగురు వచ్చారు. మధ్యాహ్నానికి ఎనిమిది జింకలు పడ్డాయి. ఈ పుట్టిల్లు కూడా పనికిరాదని తెలుసుకుని మిగతావి అడవుల్లోకి చెదిరిపోయాయి. రెండు వందల మొక్కలూ నిలిచాయి. ఆంబ్రోస్ మాత్రం వెర్నా వంటింట్లో కాఫీ తాగుతూ కూచున్నాడు. కుర్చీని ముందుకి జరుపుకోవచ్చా అని అప్పటికి రెండుసార్లు అడిగాడు.

"తుమ్మడానికి కూడా అడిగే మనిషి," అంది వెర్నా, "పన్నెండేళ్ళు నాకు కాపలా కాయడానికి నన్నొక్క మాట అడగలేదేం?"

ఆంబ్రోస్ కప్పులోకి చూస్తూ అన్నాడు.

"అడిగితే కుదరదనేదానివి."