బాబాయి పచ్చడి చేసిన బోల్టు

మా పక్కింటి సాయిబు బాబాయి పోయాడన్న కబురు మొన్న తెల్లవారుజామున, నేను ప్రార్థన ముగించి లేస్తుండగా వచ్చింది. మట్టి చేసి వచ్చినవాళ్ళు మా అరుగు మీద కూర్చుని, "పలనాడు మొత్తంలో ఆయన బిగించిన బోల్టు ఊడిందని ఎవరన్నా విన్నారా?" అని మెచ్చుకున్నారు. వాళ్ళకు మంచినీళ్ళిచ్చి లోపలికి వచ్చేశాను. ఆ మాట మింగలేకనే, ఎన్నడూ రాయని దాన్ని, ఇవాళ కలం పట్టాను.

బాబాయి మెకానిక్కు. గురజాలలో బస్సులు ఆగే చోట ఆయన రేకుల షెడ్డు. మా ఆయన బళ్ళో పంతులు. బాబాయి పొద్దున్నే మా గుమ్మం ముందు ఆగి, "ఏం అల్లుడూ, పిల్లకాయలకు ఎక్కాలొచ్చినయ్యా, నీకే రాలేదా?" అని ఆటపట్టించి గాని షెడ్డుకు పోయేవాడు కాదు.

తుప్పు పట్టిన బోల్టును ఆయన ఎప్పుడూ తొందరపెట్టలేదు. కిరసనాయిలు పోసి, చుట్టూ సుత్తితో మెల్లగా తట్టి, బీడీ ముట్టించి కూర్చునేవాడు. తర్వాత పానా వేసి, ముందు కాస్త బిగించేవాడు. "ఊడదియ్యాలంటే ముందు బిగించాలమ్మా. పట్టు వదిలితే అదే చెబుద్ది" అనేవాడు.

అప్పట్లో మాచర్ల రోడ్డంతా రాళ్ళే. కుదుపులకు నట్లు వదులై రాలిపోయేవి. అందుకని బాబాయి నట్టు బిగించాక, బయటికి మిగిలిన బోల్టు కొసను సుత్తితో పచ్చడి చేసేవాడు. ఇక ఆ నట్టు వెనక్కి తిరగదు. డ్రైవర్లు అడిగి మరీ అలా చేయించుకునేవారు.

ఒక ఎండాకాలం మా ఆయనకు కడుపునొప్పి మొదలైంది. పేగు పగిలేలా ఉంది, వెంటనే గుంటూరు తీసుకెళ్ళమన్నాడు డాక్టరు. పొద్దుటి రైలు వెళ్ళిపోయింది. ఊళ్ళో ఉన్న ఒక్క పాత టాక్సీ, చక్రాల మీద బరువు మోసే కమాను పట్టా విరిగి బాబాయి షెడ్డులోనే ఉంది. కొత్త పట్టా సిద్ధంగా ఉంది. పాతది విప్పితే చాలు. మిగతా బోల్టులు ఊడాయి. ఒకటి మాత్రం రాలేదు.

కారు కింద దూరి చూసిన డ్రైవరు, "దీని కొస పచ్చడి చేసిందెవడు బాబాయ్?" అని కేకేశాడు.

"నేనేరా" అన్నాడు బాబాయి.

రంపం పట్టే చోటు లేదు. మంట పెడదామంటే పెట్రోలు భయం. ఉలి పెట్టి కొడితే జారి ఆయన చేతినే కోసింది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ కొట్టాడు. మా ఆయన షెడ్డు నీడలో మంచం మీద ముడుచుకుని, "కానియ్ మామా" అంటూనే ఉన్నారు. బోల్టు తెగేసరికి పొద్దు వాలింది. గుంటూరు దారిలో టాక్సీ సత్తెనపల్లి చేరకముందే ఆయన నా ఒళ్ళో కన్నుమూశారు.

ఆ తర్వాత మా ఇంట్లో కట్టెలు అయిపోకుండా, పాకలో చుక్క కారకుండా చూసింది బాబాయే. నేను ఎన్నిసార్లు "దేవుని చిత్తం బాబాయ్" అన్నా, ఒక్కటే జవాబు. "దేవుడు సుత్తి పట్టలేదమ్మా. నేను పట్టా."

తను బాగుచేసిన బళ్ళు ఎక్కడ కనపడినా ఆపి, పచ్చడి చేసిన కొసలు ఆకురాయితో అరగదీసి, నట్టుకు అడ్డంగా పిన్ను వేసేవాడు. "ఏంది బాబాయ్, నువ్వు కొట్టిందే నువ్వు గీకుతున్నావ్? చాదస్తం చానా ఎక్కువైందే!" అని డ్రైవర్లు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు. తన చేతికందకుండా కృష్ణా నది అవతలికి అమ్ముడుపోయిన బళ్ళు గుర్తొస్తే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు.

ఆయన మనసు నెమ్మది పడాలని నేను చేసిన ప్రార్థనలకు జవాబు రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలియదు. ఇప్పుడు కీర్తనలు తెరిస్తే అక్షరాలే కనిపిస్తున్నాయి.

పోయే ముందురోజు చూడబోయాను. చూపు లేదు, మాట లేదు. ఇనుప మంచం పక్కపట్టీకి ఉన్న బోల్టు కొసను బొటనవేలితో తడుముతున్నాడు. చర్మం లేచిపోయింది. నా చెయ్యి ఆయన చేతి మీద వేసి పట్టుకున్నాను. నా అరచేతి కింద ఆ వేలు కదులుతూనే ఉంది.

ఈ కాగితాలు ఎవరికి దొరికినా మా పెట్టెలోనే ఉంచండి, ఎవరికీ చూపకండి. బాబాయి ఇల్లాలు, మా పిన్నికి చదువు రాదు. ఎవరూ చదివి వినిపించకండి. ఆమె కళ్ళు తుడుచుకుంటూ, "మీ బాబాయి ఏ దిగులూ లేకుండా పోయాడమ్మా" అంటోంది.