బస్రా మామ ఒంటె కథ

పోయిన వారం మా మనవడు ఆఫీసు పని మీద దుబాయ్ వెళ్లాడు. పని అయిపోయాక ఎడారిలో కార్లెక్కించి తిప్పే చోటుకు పోయి, అక్కడినుంచి వీడియో పంపాడు. ఇసుక దిబ్బ మీద కారు ఎగిరెగిరి పడుతుంటే వీడు పెట్టే కేకలకు మా పక్కింటివాళ్లు తొంగి చూశారు. "అమ్మమ్మా, ఇసొంటి ఎడారి ఎప్పుడన్న చూసినవా?" అని అడిగాడు. చూడలేదు గాని, మీ అమ్మ పుట్టకముందే మెదక్‌లో మా మామ అరుగు మీద కూచుని ఎడారంతా తిరిగొచ్చానురా అన్నాను. వాడికేం అర్థమవుతుంది పాపం!

మామంటే మా అమ్మ తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధం జరిగేటప్పుడు మిలిటరీ సామాను మోసే లారీకి డ్రైవరుగా ఇరాక్‌లోని బస్రాకు పోయి, రెండేళ్లకు నల్లగా మాడి తిరిగొచ్చాడు. అప్పటినుంచి చర్చి వెనక గల్లీలో పిల్లా పెద్దా అందరికీ బస్రా మామే. మా అమ్మ మిషను దవాఖానలో నర్సు కాబట్టి పగలంతా నేను ఆయనింట్లోనే ఉండేదాన్ని. బస్రాలో నది ఒడ్డున కనుచూపు మేర ఖర్జూరపు చెట్లు చూసి మామ మన ఈతచెట్లే అనుకున్నాడట. "గన్ని చెట్లున్నయి, ఒక్కదానికన్న కుండ గట్టిన పాపాన పోలే!" అని వచ్చాక కూడా చాన్నాళ్లు బాధపడ్డాడు. సెలవు దొరికిన రోజు తోటి డ్రైవర్లతో కలిసి బైబిల్లో చదివిన బబులోను చూడబోతే, ఆకాశాన్నంటే ఊరుకు బదులు ఇటుక దిబ్బలు, వాటి మీద మేకలు కనబడ్డాయట. మా అమ్మమ్మకు అది వింతగానే అనిపించలేదు. "దేవుడు పాడుజేస్తనన్నడు, జేసిండు" అని తన పనిలో పడింది. అత్తయితే ఆయన చెప్పేవాటిలో సగం కోతలేనని ఏనాడో తేల్చేసింది.

అన్నిట్లోకీ పెద్ద కథ ఒంటెది. దాన్ని నేను మొదటినుంచి చివరిదాకా విన్నది పోలీసు యాక్షన్ అయిన రోజుల్లో, తలుపు వెనక నిలబడి.

మా గల్లీ మొదట్లో దర్జీ సాబ్ ఉండేవాడు. చర్చిలో పాటలు పాడేవాళ్ల తెల్ల అంగీలు ఆయనే కుట్టేవాడు, నా గౌన్లూ ఆయనే. రజాకార్ల జోరు నడిచినప్పుడు వాళ్లు అంగీలు కుట్టమని ఖాకీ తాన్లు తెచ్చి కుట్టుమిషను మీద పడేసి పోయారు. కాదంటే బతకనిస్తారా? కుట్టాడు. తీరా ఇండియా మిలిటరీ వచ్చి, రజాకార్లు పారిపోయినవాళ్లు పారిపోగా, వాళ్ల చేతిలో ఇళ్లు కాలిపోయిన పల్లెలవాళ్లు కసితో టౌనుకు రాసాగారు. వాళ్ల కోపంలో అబద్ధం లేదు. కాని అది చేతికందినవాళ్ల మీద పడుతోంది. ఒక మధ్యాహ్నం దర్జీ సాబ్ భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని మామ గడప ముందు నిలబడ్డాడు. "భయ్యా" అన్నాడు. మామ ఏమీ అడగలేదు. అత్త వాళ్లను లోపలి గదికి తీసుకుపోయి నీళ్లిచ్చి, చాయ్ పెట్టి తాగించింది.

కాసేపటికే ఎనిమిది పది మంది కట్టెలు, గొడ్డళ్లు పట్టుకుని వచ్చారు. ముందున్నవాడు కుల్చారం వైపు రైతు. "దర్జోడు మీ ఇంట్లకే వచ్చిండట. బయటికి పంపు" అన్నాడు. మామ గడపకు అడ్డంగా నులక మంచం వాల్చి కూర్చున్నాడు.

"పంపుడు సంగతి తర్వాత. ఎండల వడి వచ్చిండ్రు, జర కూసోండ్రి. చాయ్ తాగుండ్రి."

"చాయ్ తాగనీకి రాలే మేము."

"బస్రాల నేను ఒంటెను సంపిన. నన్ను గూడ గిట్లనే కట్టెలు వట్టుకొని ఎతికిండ్రు. ఎట్ల బతికిన్నో ఇనరా?"

వాళ్ల జవాబు కోసం ఆగకుండా మామ మొదలుపెట్టాడు. ఇసుక గాలిలో దారి కనబడక లారీతో ఒంటెను గుద్దడం, ఒంటెవాళ్లు తరుముతుంటే లారీ వదిలేసి పరుగెత్తడం, నల్లటి గుడారం కనబడితే అందులో దూరడం. గుడారంలో ముసలి అరబ్బు పేరడగలేదు, ఊరడగలేదు, ముందు నీళ్లిచ్చాడట. గాలి ఎలా వీచిందో మామ నోటితో ఊది చూపిస్తున్నాడు, ఒంటె ఎలా కూలిందో మంచం మీదే ఒరిగి చూపిస్తున్నాడు. అత్త ఇంట్లో ఉన్న గ్లాసులు, లోటాలు, చివరికి నా పాలగిన్నె కూడా నింపి తెచ్చి ఒక్కొక్కరి చేతిలో పెడుతోంది. వేడి చాయ్ పట్టుకోవాలంటే కట్టె కింద పెట్టక తప్పదు కదా. తలుపు వెనక దర్జీ సాబ్ కూతురు నా చేతిని నలిపేస్తోంది. ఇంతలో వెనకనున్న ఒకడు ఉండబట్టలేక, "మరి ఒంటెటోల్లు వచ్చిండ్రా?" అనేశాడు. ముందున్నవాడు వాణ్ని గుర్రుగా చూశాడు గాని, తనూ ఒక గుక్క తాగాడు.

"వచ్చిండ్రు. ముసలాయన ఆళ్లను గుడారం ముంగట్నే కూసోవెట్టి కాఫీ తాగిచ్చిండు. తాగినంక అన్నడు: మీరు నా ఇంట్ల తాగిండ్రు, లోపటున్నోడు గూడ తాగిండు. ఒక సుట్టం మీద ఇంకో సుట్టం చెయ్యెత్తుతె నా ఇజ్జత్ పోతది. ఎత్తుడే అయితె ముంగల నన్ను గొట్టుండ్రి." మామ అక్కడ ఆగి, వాళ్ల చేతుల్లోని గ్లాసులు చూశాడు. "దర్జీ సాబ్ లోపట్నే ఉన్నడు. ఆయన గూడ గిదే చాయ్ తాగిండు. ఇగ మీ ఇష్టం."

ఇంట్లో లేడని బొంకుతాడనుకున్నాను నేను. ముందున్న రైతు గ్లాసును చేతుల్లో తిప్పాడు. "మా అన్న ఇల్లు మొత్తం కాలవెట్టిండ్రు" అన్నాడు.

"ఎరికే తమ్మీ. కాలవెట్టినోని అంగీ కుట్టిండు గని, అగ్గి ఈయన వెట్టలే."

ఆ రైతు గ్లాసును అరుగు మీద పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కట్టెలేరుకుని ఆయన వెనకే నడిచారు. వాళ్లు సందు తిరిగాక మామ లేచి మంచాన్ని గోడకు ఆనించాడు. అత్త, నేను గ్లాసులు, లోటాలు ఏరి లోపలికి తీసుకొచ్చాం. పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్లను తరువాత చాలామందిని చూశాను గాని, అంత ధైర్యం ఇంకొకరిలో చూడలేదు.

దర్జీ సాబ్ ఊరు విడిచి ఎక్కడికీ పోలేదు. నా పెళ్లి రవికలు కుట్టాడు, చూపు మందగించాక మనవరాలితో సూదిలో దారం ఎక్కించుకుంటూ కుట్టాడు, చివరకు తనవాళ్ల మధ్య, తన మంచం మీద పోయాడు. మామ ఆ రోజు ఆ గుంపును ఆపగలిగింది ఒక చాయ్ తాగేంత సేపే. ఆ కాస్త సేపట్లోంచే ఒక మనిషికి నిండు ముసలితనం దొరికింది.