జపానామె కుట్టు మిషను చక్రం

ఎల్‌బీ నగర్‌కు మెట్రో కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియనిది కూడా తడుముకోకుండా చెప్పేవాణ్ని కాబట్టి వినేవాళ్లకు తేడా తెలిసేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, మెడలో టై, వెనక జేబులో దువ్వెన. ఇప్పుడు దువ్వెనతో పెద్ద పని లేదు గాని, అప్పట్లో షోరూం అద్దాల ముందు నుంచి పోతున్న ప్రతిసారీ ఒక క్షణం ఆగి నన్ను నేను చూసుకునేవాణ్ని. (కార్లు చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా ముందు నన్నే చూస్తున్నారని నా గట్టి నమ్మకం.) దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ పోయే మెయిన్ రోడ్డు మీద ఒక జపాన్ కంపెనీ కార్ల షోరూం ఉండేది. అందులో సేల్స్‌లో చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. మేనేజర్‌కు నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే టై విప్పి ఇచ్చేసి ఇంటికి పోవడమే. టై కూడా కంపెనీదే.

అంతకు ముందు రెండు ఉద్యోగాలు వచ్చినట్టే వచ్చి పోయాయి. చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌కు ఫోన్లు చేసి పిల్లల్ని చేర్పించే పని ఒకటి, మొబైల్ షాపు ఇంకొకటి. అందుకని మూడోదాని మీద మా అమ్మ చాలా ఆశ పెట్టుకుంది. అమ్మ చంపాపేట్‌లో మేముండే కిరాయి పోర్షన్ ముందు గదిలో మిషను వేసుకుని జాకెట్లు కుట్టేది. నాకు ఉద్యోగం వచ్చిన మొదటి ఆదివారమే చర్చిలో లేచి నిలబడి, "నా కొడుక్కు దేవుడు జపాన్ కంపెనీల కొలువిచ్చిండు" అని సాక్ష్యం చెప్పేసింది. సగం మంది నేను జపాన్ పోతున్నాననుకున్నారు. పాస్టర్ గారు నా ప్రయాణం కోసం ప్రార్థన కూడా చేశారు. ఒక పెద్దమ్మ అయితే బయటికొచ్చాక నన్ను పక్కకు పిలిచి, "ఆడ పచ్చిమిరపకాయలు దొరుకుతయో లేదో, జర తీస్కపో బిడ్డా" అంది. ఈ ఉద్యోగం కూడా పోతే అమ్మ అందరి ముందు చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవాలి. మా సంఘంలో అలాంటి పద్ధతి లేదు.

చేరిన రోజే మేనేజర్ మా చేతికి ఒక పుస్తకం ఇచ్చాడు. కంపెనీ చరిత్రంతా అందులో ఉంది. ఎవరు పెట్టారు, మొదట ఏం తయారు చేశారు, చిన్న కారు ఎప్పుడు చేశారు, మన దేశానికి ఎట్లా వచ్చారు, అన్నీ. (ఆయన నోట "టార్గెట్" అనే మాట లేకుండా వాక్యం పూర్తయ్యేది కాదు కాబట్టి మేము ఆయన్ని టార్గెట్ సార్ అనేవాళ్లం.) "కస్టమర్ ఏది అడిగినా సమాధానం ఇందులో ఉంది. టార్గెట్ కావాలంటే చదువుకోండి" అన్నాడు. నేను ఆ పుస్తకాన్ని ఎంతో భద్రంగా చూసుకున్నాను. నా టేబుల్ ఒక కాలు పొట్టి, దాని కింద సరిగ్గా సరిపోయింది.

రెండు నెలలు ఒక్క కారూ అమ్మలేదు. అప్పుడొచ్చాడు పెద్దాయన. నల్లగొండ వైపు మనిషి, నలభై ఏళ్లు లారీ నడిపి మానేసి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడ్డాడు. నాలుగుసార్లు వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ బానెట్ లేపించి, ఇంజన్ స్టార్ట్ చేయించి, దానికి చెవి పెట్టి విని, చాయ్ తాగి వెళ్లిపోయేవాడు. ఐదోసారి నేనే ఆగలేక, "సార్, ఇంకేం డౌటుంది?" అని అడిగాను.

"బండి మంచిగనే ఉన్నది పిలగా. కాని దీన్ని చేసినోడెవరు? ఆయన ముచ్చట జర చెప్పు. మనిషి కష్టపడ్డోడైతే ఆయన చేసిన బండి మోసం చెయ్యదు."

పుస్తకం టేబుల్ కాలి కింద ఉంది. ఆయన ముందు వంగి దాన్ని లాగితే టేబుల్ ఒరుగుతుంది, నా పరువు కూడా ఒరుగుతుంది. సరే, నోరు తెరిచాను. నాకు మనిషి కథ చెప్పడం ఒక్క రకంగానే వచ్చు, చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం విన్న రకం. ముందు కష్టం రావాలి, తర్వాత కన్నీళ్లు, ఆ తర్వాత ఒక తల్లి, చివరికి విజయం. "సార్, ఆయన తండ్రి లేని బిడ్డ. తల్లి బట్టలు కుట్టి సాదింది. మొదటి బండి తయారు చేస్తుంటే దానికి ఇనుప చక్రం కావాల్సి వచ్చింది, కొనే స్తోమత లేదు. అప్పుడా తల్లి తన కుట్టు మిషను చక్రం విప్పి చేతిలో పెట్టింది. నా మిషను ఆగినా పర్వాలేదు, నీ బండి నడవాలె కొడుకా అంది. పది రోజులు మిషనును చేత్తో తిప్పుకుంటూ కుట్టింది సార్." అంతటితో ఆపొచ్చు కదా. ఆపలేదు. ఆయన్ని తీసుకెళ్లి కారు టైరు దగ్గర కూర్చోబెట్టి, "ఈ ఊచలు చూడండి సార్. అచ్చం కుట్టు మిషను చక్రం లెక్కనే. ఆ తల్లి గుర్తుకు పెట్టారు" అన్నాను. పెద్దాయన ఆ చక్రాన్ని చాలాసేపు చేత్తో తడిమాడు. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకుని, "ఎర్రది ఉన్నదా?" అని అడిగాడు.

ఆ కథ నేను పూర్తిగా అల్లింది కాదు. చక్రం నిజం, తల్లి నిజం. జపాన్ ఒక్కటే అబద్ధం. పాలిటెక్నిక్ చివరి ఏడాది ప్రాజెక్టుకు మేమొక చిన్న బండి మోడల్ చేయాల్సి వచ్చింది. దానికి బరువైన చక్రం కావాలని నేను ఇల్లంతా వెతుకుతుంటే, అమ్మే తన మిషను కింది చక్రం విప్పి ఇచ్చింది. పరీక్ష తీసుకునే సారు వచ్చేదాకా మోడళ్లన్నీ కాలేజీలోనే పెట్టాలన్నారు. పది రోజులు. సరిగ్గా పెళ్లిళ్ల సీజను. అమ్మ కుడిచేత్తో పైచక్రం తిప్పుతూ, ఎడమచేత్తో గుడ్డ జరుపుతూ కుట్టింది, నన్ను తిట్టుకుంటూ కుట్టింది. పదకొండో రోజున సారు వచ్చి స్విచ్ వేయమన్నాడు. మా బండి ఒక్కసారి వణికి, వెనక్కి జానెడు జరిగి ఆగిపోయింది. ఆ సారు చాలా మంచివాడు. పాస్ చేశాడు.

పెద్దాయన కారు కొన్నాక నాకు కథ మీద నమ్మకం కుదిరింది. వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాను. చైతన్యపురిలో ఫిజిక్స్ చెప్పే గుంటూరు సారు విని కొన్నాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్ నడిపే మేడం విని ఏడ్చి మరీ కొంది. షోరూంలో అమ్మకాల లెక్క రాసే బోర్డు మీద నా పేరు పైకెక్కసాగింది. ఇంకో వారంలో ఆరు నెలలు పూర్తవుతాయనగా, టార్గెట్ సార్ అందర్నీ పిలిచి, మన కార్లు కొన్నవాళ్లందరికీ శనివారం మీటింగ్ పెడుతున్నాం, జపాన్ నుంచి పెద్ద సారు వస్తున్నాడు, ముగ్గురు కస్టమర్లు తమ అనుభవాలు చెబుతారు అన్నాడు. "ఆ ముగ్గురూ నీ కస్టమర్లే. నీ కన్ఫర్మేషన్ లెటర్ స్టేజి మీదే ఇప్పిస్తా. ఇంట్లోవాళ్లను తీసుకురా." నేను పొంగిపోయి అమ్మకు చెప్పాను. వాళ్లు ఏ అనుభవం చెబుతారో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే ఆ రోజే జ్వరం తెచ్చుకుని పడుకునేవాణ్ని.

శనివారం షోరూంలో కార్లు బయటపెట్టి కుర్చీలు వేశారు. అమ్మ చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకొచ్చి రెండో వరసలో కూర్చుంది. జపాన్ సారు సన్నగా, తల నెరిసి ఉన్నాడు, ఎవరు నమస్కారం పెట్టినా నడుం దాకా వంగుతున్నాడు. ఆయన పక్కన తెలుగూ జపనీసూ రెండూ వచ్చిన ఒక మేడం. ముందు ఫిజిక్స్ సారు లేచాడు.

"నేను మైలేజీ చూసి కొనలేదండీ. ఆ తల్లిని చూసి కొన్నానండీ."

నేను కుర్చీలో కిందికి జారాను. ఆయన చక్రం కథంతా చెప్పాడు. మిషను చక్రం ఆ పనికి సరిపోతుందా లేదా అని ఇంటికెళ్లి లెక్క కూడా వేశాడట, సరిపోతుందట. పది రోజుల్ని ముప్పై రోజులు చేశాడు. అయిపోగానే చర్చి అలవాటు కొద్దీ అమ్మ నోటి నుంచి "స్తోత్రం" అని వచ్చింది. వచ్చాక ఏదో తట్టినట్టుంది, మెల్లగా తల తిప్పి నా కోసం వెతికింది. తర్వాత హాస్టల్ మేడం లేచి, ఆ తల్లి చివరికి మిషను కూడా అమ్మేసిందని చెప్పి మళ్లీ ఏడ్చింది. మూడోవాడు పెద్దాయన. "ముప్పై దినాలు చేత్తోని తిప్పుకుంట కుట్టింది గని కొడుకును ఒక్క మాట గుడ అనలేదు" అన్నాడు. అమ్మ స్టేజి వైపు చూడటం మానేసి నన్నే చూస్తోంది.

జపాన్ సారు తన పక్కనున్న మేడం జపనీసులో చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. తర్వాత లేచి చాలా మర్యాదగా ఏదో అన్నాడు. మేడం తెలుగులో చెప్పింది. "ముప్పై ఏళ్లుగా ఈ కంపెనీలో ఉన్నాను. ఈ కథ వినడం ఇదే మొదటిసారి. ఎక్కడ రాసి ఉందో చెబితే చదువుకుంటాను." జనం ఇదేదో మెప్పు అనుకుని చప్పట్లు కొట్టారు. టార్గెట్ సార్ కొట్టలేదు. ఎవరు చెప్పారని ఆయన అడిగితే, ముగ్గురూ ఎంతో ప్రేమగా నా వైపు వేళ్లు చూపించారు.

లేచి నిలబడ్డాను. "నీకెక్కడిది ఈ కథ?" అన్నాడు టార్గెట్ సార్. మా అమ్మది అంటే అయిపోయేది, ఆమె నాలుగు అడుగుల దూరంలో ఉంది. కానీ టై కట్టుకుని, ఇంతమంది కార్లున్నవాళ్ల ముందు, మా అమ్మ జాకెట్లు కుడుతుందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఇంటర్నెట్‌లో చదివాను సార్" అన్నాను. బైబిల్లో పేతురు తన ప్రభువును ఎరగనని బొంకినప్పుడు కోడి కూసిందంటారు. నేను బొంకినప్పుడు హైవే మీద విజయవాడ బస్సు హారన్ కొట్టింది.

నన్ను కాపాడింది పెద్దాయనే. మైకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "సార్, బండి చేసినోని పేరు రాస్తరు గని, వాని తల్లి చేసిన పని ఏ పుస్తకంల రాసిండ్రు? మీ దగ్గర లేదంటే ఎవ్వరు రాయనట్టు. జరగనట్టు కాదు." మేడం ఆ మాటలు జపనీసులో చెప్పడానికి కొంచెం ఆలస్యమైంది.  విన్నాక జపాన్ సారు పెద్దాయన వైపు తిరిగి బాగా కిందికి వంగి నమస్కారం చేసి, జేబులోంచి చిన్న నోటుబుక్ తీసి ఏదో రాసుకున్నాడు. (మా అమ్మ ఇప్పుడు జపాన్‌లో ఏ రికార్డుకెక్కి ఉందో అని నాకు ఇప్పటికీ భయమే.) లెటర్ మాత్రం స్టేజి మీదికి రాలేదు. భోజనాలప్పుడు టార్గెట్ సార్ నన్ను లోపలికి పిలిచి, "కార్లు అమ్మినవ్ కాబట్టి బతికినవ్. ఇంకో మూడు నెలలు ప్రొబేషన్. రోజూ పొద్దున స్టాఫ్ అందరి ముందు నిలబడి ఆ పుస్తకం చదువు" అన్నాడు.

ఇంటికి షేర్ ఆటోలో పోతున్నాం. అమ్మ ఒడిలో వాళ్లిచ్చిన బిర్యానీ పొట్లం. మందమల్లమ్మ చౌరస్తా దగ్గర నా వైపు తిరిగింది.

"జపానామె ముప్పై దినాలు చేత్తోని తిప్పిందంటనా?" అంది.

"ఊ."

"కొడుకును ఒక్క మాట అనలేదంట. నేను పది దినాలకే నిన్ను ఎన్ని తిట్లు తిట్టిన్నో."

"అమ్మా, ఆమె నువ్వే" అన్నాను. ఆటో చప్పుడుకు వినిపించలేదు. ఏందిరా అంది. "ఆమె నువ్వేనే! జపాన్‌ల ఎవ్వరు లేరు!" అని అరిచాను. షోరూంలో మెల్లగా చెప్పలేని మాటను షేర్ ఆటోలో ఐదుగురు కొత్తవాళ్లు వినేలా చెప్పాను. వాళ్లంతా వెనక్కి తిరిగి మా అమ్మను చూశారు.

"నాకెర్కే. చక్రం అనంగనే తెల్సింది" అంది అమ్మ. పొట్లం ముడి విప్పి మళ్లీ వేసింది. "గంతమందిల నా దిక్కు చెయ్యి చూపెట్టి ఈమెనే అంటే నీదేం పోతుండెరా?"

 దేనికైనా తడుముకోకుండా చెప్పే మనిషిని, తల వంచుకుని బూట్లు చూసుకున్నాను. నా మొహం చూసి జాలేసిందేమో, అమ్మ మోచేత్తో పొడిచి, "పోనీ తీ. ఆమెకున్నంత పేరు నాకెందుకు. ఆమె కొడుకు బండి ముంగటికి నడిచింది" అంది. ఆటోలో అందరూ నవ్వారు. డ్రైవర్ కూడా నవ్వాడు.

ఆ పుస్తకం మూడు నెలలు చదివి పర్మనెంటు అయ్యాను. ఇప్పటికీ కార్లే అమ్ముతున్నాను. కంపెనీ చరిత్ర నిద్రలో లేపి అడిగినా తప్పులేకుండా చెబుతాను, వినేవాళ్లు మధ్యలోనే ఫోన్ చూసుకుంటారు. అమ్మ పోయి రెండేళ్లయింది. ఎవరైనా మీ అమ్మగారు ఏం చేసేవారని అడిగితే ఇప్పుడు గట్టిగా, అడగనివాళ్లకు కూడా చెబుతుంటాను. టై కట్టుకున్న ఆ కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. రెండు చెంపదెబ్బలు కూడా వేయాలనిపిస్తుంది. ఒకటి నాది, ఒకటి అమ్మ తరఫున. అమ్మ మాత్రం తనది వేయనిచ్చేది కాదు.