అటు తిరిగిన తుఫాను

పట్టా మీది రెండో రాయి ఎత్తబోతూ ఆగిపోయాను. ఆ ముందు క్షణం దాకా అందరితో పాటు నవ్వుతూనే ఉన్నాను.

నకరికల్లు దగ్గర మా కల్లంలో చివరి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. తుఫాను వస్తుందని పొద్దున్నే కుప్పలు చేసి, పట్టాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాం. మధ్యాహ్నం పక్కచేని పిన్ని గట్టు మీద నుంచి కేకేసింది: "అది అటు తిరిగిందంట! మనకు రాదంట!"

"పీడ పోయింది," అంది మా అత్త. "ఏమే, ఆ రాళ్ళు తీయి. కాయ ఉక్కపోసి రంగు మారుద్ది."

"నీ నోరు చూసి పారిపోయుంటదక్కా," అంది పిన్ని. అప్పుడు నవ్వాం.

"అత్తయ్యా, అటు అంటే ఎటు?" అన్నాను.

అత్త ఎత్తిన పట్టా కొస కింద వదిలేసి నా వైపు తిరిగింది.

మా ఆయన దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి, ఏడాది కిందట సరుకు ఓడలో అదే పనికి చేరారు. సిమెంటు తయారీకి వాడే క్లింకర్‌ను విశాఖ నుంచి బంగ్లాదేశ్‌కు చేరవేసే ఓడ. తుఫాను కన్నా ముందే రేవు చేరతామని మొన్న ఫోన్లో చెప్పారు. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మాకు తుఫానంటే వాన, అంతే. కాయ తడవకపోతే తుఫాను లేనట్టే. కట్టుకున్నదాన్ని నేనూ, కన్నతల్లి ఆమే, ఆ కాసేపు ఆయన్ని మరిచిపోయి నవ్వాం.

కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇంజను ఆగిపోయింది, ఓడ గాలికి కొట్టుకుపోతోంది అన్నాడు గుమాస్తా.

"కాపాడ్డానికి మనోళ్ళు బయల్దేరారా?"

"మనోళ్ళు చేరేసరికి చానా టైం పడుద్దమ్మా. దగ్గరున్నది బంగ్లాదేశోళ్ళు. మన కోస్ట్ గార్డు వాళ్ళకు కబురు పంపింది. వాళ్ళ బోటు బయల్దేరింది."

"వాళ్ళెందుకు వస్తారండీ ఈ గాలిలో, మనోళ్ళ కోసం?"

"సముద్రంలో ముందు మనిషిని పైకి తీస్తారమ్మా. ఏ దేశమో తరవాత అడుగుతారు."

ఆ మాట నమ్మాలనిపించింది, నమ్మలేకపోయాను. ఇంటికి వెళ్ళేసరికి తొమ్మిదేళ్ళ నా కూతురు టీవీ ముందు ఉంది. తమ్ముడు దాని ఒళ్ళో నిద్రపోతున్నాడు. నాన్న సంగతి దానికి తెలియదు.

"అమ్మా, తుఫానుకి పేరెవరు పెడతారు?"

"సముద్రం చుట్టూ ఉన్న దేశాలు. ఒకళ్ళ తరవాత ఒకళ్ళు."

"అంటే వాళ్ళంతా మాట్లాడుకుంటారా?"

"నాకేం తెలుసు? టీవీ ఆపు!" అని కసిరాను. అది బిక్కమొహం వేసింది.

దీపాలు పెట్టే వేళకు ఏదో విదేశీ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అలాంటివి ఎత్తొద్దని, ఎత్తితే బ్యాంకులో డబ్బు పోతుందని మా ఊళ్ళో అందరూ చెప్పేదే. కట్ చేశాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కట్ చేశాను. మూడోసారి అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఒరేయ్!" అన్నది. ఫోన్ తెచ్చి నా చెవి దగ్గర పెట్టింది.

ఆయన బంగ్లాదేశోళ్ళ బోటులోనే ఉన్నారు. ఓడలో వాళ్ళందర్నీ తాళ్ళు వేసి ఎక్కించుకున్నారట. బోటు మనిషి ఒకాయన ఒంటి మీద దుప్పటి కప్పి, తన ఫోన్ చేతికిచ్చాడట. "రెండుసార్లు కట్ చేశావు కదే," అన్నారు ఆయన, చలికి పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే. "ఈయన ఇల్లు సముద్రం ఒడ్డునే. ఇంకా తన ఇంటికి చేసుకోలేదు. ముందు నన్ను చేసుకోమన్నాడు." అయితే ముందు ఆ మనిషిని ఇంటికి చేసుకోనివ్వమని, నేను గబగబా ఫోన్ పెట్టేయమన్నాను.

తెల్లారాక పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి జరిగింది చెప్పాను. కూతురితో అన్నాను: "నిన్న నువ్వు అడిగావు కదా. మాట్లాడుకుంటారమ్మా. మాట్లాడుకోబట్టే నాన్న ఉన్నాడు. నాన్నకు ఫోనిచ్చిన మామయ్య ఊరి మీదికి ఆ తుఫాను ఇవాళ వెళ్తోంది. ఆయనకూ మీలాగా ఇద్దరు పిల్లలంట. అటు పోయింది, మనకేం కాలేదని కల్లంలో ఎవరన్నా నవ్వితే, మీరు నవ్వొద్దు."