ఖాళీ గడిలో బాపు వయసు

మొన్న కాలేజీ పిల్లలు కొందరు ఇంటికొచ్చి, "ఇన్నేళ్లు ప్రోగ్రాములు రాశారు కదా మేడమ్, మీరు నేర్చుకున్న సూత్రాలు చెప్పండి" అని కూర్చోబెట్టారు. కార్డుల కట్ట అంచు మీద పెన్సిల్‌తో ఏటవాలుగా ఒక గీత గీసుకోండి, చేజారి కింద పడ్డా వరస దొరుకుతుంది అన్నాను. కార్డులంటే ఏంటి మేడమ్ అన్నారు. నా తలకాయ! అట్టముక్కలకు చిల్లులు పొడిచి మిషనుకు తినిపించే రోజులవి అని మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. నవ్వారు, రాసుకున్నారు, చాయ్ తాగి వెళ్లిపోయారు. ఒక్క సూత్రం మాత్రం నా నోట రాలేదు. ఖాళీ అంటే సున్న కాదు. అది చెప్పాలంటే మా నాన్న గురించి, మా బాపు గురించి చెప్పాలి. ఆ పిల్లల ముందు ఏడవడం నాకిష్టం లేదు.

మాది యాకుత్‌పురా. స్టేషన్ వెనక సందులో బర్రెల కొట్టం, దాన్ని ఆనుకునే ఇల్లు. పాల వ్యాపారం తాతల నాటిది. బాపు మాత్రం ఒక సర్కారు కార్ఖానాలో ఫిట్టర్‌గా చేరాడు. పొద్దున్నే బర్రెలను పితికి, ఒంటికి పట్టిన పేడ వాసన పోయేదాకా సబ్బు రుద్ది, ఖాకీ తొడుక్కుని రైలెక్కేవాడు. మా ఇంట్లో పుట్టిన తారీకులు ఎవరికీ తెలియవు. బాపు తల్లి, మా అవ్వ, అందరి పుట్టుకలూ బర్రెల ఈతలతోనే చెప్పేది. "నల్ల బర్రె తొలిసూరు ఈనింది సూడు, గదే యేడు మీ బాపు పుట్టిండు" అనేది. నేను తెల్లమచ్చ బర్రె వట్టిపోయిన యేడట! కార్ఖానాలో చేరిననాడు గుమస్తా అడిగితే బాపు ఆ నల్ల బర్రె సంగతే చెప్పాడు. బాపుతో పాటు చేరిన మిగతావాళ్లు నోటికొచ్చిన తారీకేదో చెప్పి బయటపడ్డారు. బాపు తెలియనిది చెప్పే రకం కాదు. పాపం గుమస్తా మాత్రం బర్రెను ఎక్కడ రాస్తాడు? పుట్టిన సంవత్సరం గడి ఖాళీగా వదిలేశాడు.

డిగ్రీ అయ్యాక అదే సంస్థ హెడ్డాఫీసులో, కంప్యూటర్ సెక్షన్‌లో నాకు నౌకరీ దొరికింది. బాపు మాదన్నపేట మార్కెట్‌లో కూరగాయల వాళ్లను కూడా వదలకుండా "మా బిడ్డ మిషనుకే హుకుం ఏస్తది భాయ్" అని చెప్పుకు తిరిగాడు. కొన్నాళ్లకు, రిటైరు కావలసిన వాళ్లెవరో కంప్యూటర్‌తో తీయించమని పైనుంచి ఆర్డరొచ్చింది. ప్రోగ్రాం మా సీనియర్ సార్ రాశారు. చాలా మంచి మనిషి. కానీ అంకె ఉండాల్సిన చోట ఏమీ లేకపోతే మిషను దాన్ని సున్నగా చదువుకుంటుందన్న సంగతి ఆయనకు తట్టలేదు. కార్డు మీద సంవత్సరానికి చివరి రెండంకెలే ఉండేవి. ఖాళీ కాస్తా సున్నాలయింది, సున్నాలు కాస్తా పందొమ్మిది వందల సంవత్సరమైంది, అప్పుడు నడుస్తున్నదేమో పందొమ్మిది వందల డెబ్బై ఆరు. నిండా యాభై లేని మా బాపు డెబ్బై ఆరేళ్ల ముసలివాడైపోయాడు. రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదని ఆర్డరు ఇంటికొచ్చింది.

అవ్వ ముందు నమ్మలేదు. "నా కొడుకు నాకన్న పెద్దోడెట్లయిండే? వీడే నన్ను గన్నడా ఏంది?" అంది. అందరం నవ్వాం, బాపు కూడా. మర్నాడు సంగతి చెప్పగానే సార్ కార్డుల కట్ట ముందేసుకుని కూర్చున్నారు. అప్పటికప్పుడు ఒక్క కార్డు మార్చి ప్రోగ్రాం బాగు చేశారు. నన్ను వెంటబెట్టుకుని పెద్దాఫీసరు దగ్గరికి పోయి బతిమాలారు కూడా. ఆయన తలెత్తకుండా, "మిషను తప్పయితే మిషను మార్చుకోండి. సంతకమైన ఆర్డర్ నేనెట్ల మారుస్త? బడి సర్టిఫికెట్ తెమ్మనండి" అన్నాడు. బాపు బడి గడప తొక్కిన మనిషి కాదు. అవ్వతో ప్రమాణపత్రం ఇప్పిద్దామని నయాపూల్ కోర్టు దగ్గరికి తీసుకుపోతే అక్కడి టైపిస్టు, "బర్రె పేరు గూడ కొట్టాల్నా అమ్మా?" అని పగలబడి నవ్వాడు. ఆ కాగితం చెల్లలేదు. చివరికి డాక్టరు దగ్గరికి పంపారు. బాపు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి, "బర్రెకు సూసినట్టే నా పండ్లు సూసిండు బిడ్డా" అన్నాడు. డాక్టరు యాభైకీ అరవైకీ నడుమ అని రాశాడు. ఆఫీసరు అరవై తీసుకున్నాడు, అంటే రిటైరు వయసు దాటినట్టే. ఇంకెవరి కాళ్లు పట్టుకోవాలో మాకు తెలియలేదు.

ఆ తర్వాత కూడా కొన్నాళ్లు బాపు పొద్దున్నే ఖాకీ తొడుక్కుని స్టేషన్ దాకా పోయేవాడు. రైలు కదిలాక తిరిగొచ్చేవాడు. పాలు పితకడం మా తమ్ముడికి వదిలేశాడు. ఒకరోజు చూస్తే చేతిలో కర్ర. "నీకేమైందని బాపూ గిది?" అని కోప్పడ్డాను. "మిషను లెక్కల డెబ్బై దాటినయి గద బిడ్డా" అన్నాడు. వెటకారమనుకున్నాను. కానీ నడుం నిజంగానే వంగింది. జుట్టు తెల్లబడింది, అన్నం సగం విస్తట్లోనే మిగిలేది. రోగమేమీ లేదన్నారు డాక్టర్లు. ఒక వానాకాలం కర్ర గోడకానించి పడుకున్నవాడు మళ్లీ లేవలేదు.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు, ఏ ప్రోగ్రాం రాసినా ముందు ఖాళీ గడులు చూసి గాని అడుగు ముందుకు వేయలేదు. మేడమ్ చాదస్తం అని జూనియర్లు నవ్వుకునేవారు. నవ్వనీ. ఆ జాగ్రత్త వల్ల ఎవరెవరు మిగిలారో నాకు తెలియదు, మా బాపు మాత్రం మిగల్లేదు. నన్ను బడిలో వేసిననాడు పంతులు రాసిన తారీకు ప్రకారం నాకు మొన్ననే డెబ్బై ఆరు వచ్చాయి. మిషను బాపుకు వేసిన వయసు నాకొచ్చింది గాని, బాపుకు రానే లేదు.