మళ్లీ మళ్లీ వెళ్లిన వదిన

పోయిన శుక్రవారం పొద్దున ఆసుపత్రి నుంచి మావారు ఫోన్ చేసి "అక్క పోయింది" అన్నారు. స్టవ్ ఆపి కూర్చుండిపోయాను. మావారి అక్క, నాకు వదిన. నేరం చేసి పట్టుబడిన పిల్లలను కనిపెట్టుకుని ఉండే ప్రొబేషన్ ఆఫీసర్‌గా పనిచేసి, రిటైరయ్యాక కూడా మేడ్చల్‌లో మాతోనే ఉన్నారు.

ఉద్యోగంలో ఉండగా, శామీర్‌పేట పిల్లవాడొకడు బండ్ల దొంగతనంలో మూడోసారి దొరికాడు. పేరు చెప్పను; చట్టమూ ఒప్పుకోదు, వదినా ఒప్పుకోరు. ఈసారి పిల్లల కేసులు చూసే బోర్డు వాణ్ణి ప్రభుత్వ హోముకు పంపుతుందనే అందరూ అనుకున్నారు. వదిన మాత్రం గౌడవెల్లిలో ఒక బండ్ల మెకానిక్ దగ్గర పనికి పెడతానని, తాను చూసుకుంటానని బోర్డుకు రాశారు.

మావారు నవ్వారు. "పాలకు పిల్లిని కాపలా పెడుతున్నవా అక్కా?"

"గా పిల్లికి ఇన్నొద్దులు పాలెవరు పోసిన్రో అడిగినవా?" అన్నారు వదిన.

బోర్డు ఒప్పుకుంది. నెలకోసారి చూసి రిపోర్టు రాస్తే సరిపోయేది. వదిన వారం వారం వెళ్లేవారు. ఒకసారి నన్నూ వెనక ఎక్కించుకున్నారు. షాపు ముందు స్కూటర్ ఆపి, తాళం దానికే వదిలేశారు.

"వదినా, తాళం!" అన్నాను.

"ఉండనియ్యి."

మెకానిక్ ఎదురొచ్చాడు. "మేడం, మొన్న వీడు రిపేరుకొచ్చిన గిరాకీ బండి తీస్కపోయిండు. మాపటికి తెచ్చి పెట్టిండనుకో. నాతోని గాదు, బోర్డుకు చెప్పుండ్రి."

పిల్లవాడు పానా పట్టుకుని తల దించుకున్నాడు. వదిన ఒక్క మాట రాస్తే వాడు హోముకే.

"ఏడిదాక పోయినవ్‌రా?"

"రావల్కోల్ దాక."

"ఎందుకు?"

"ఊకెనే."

"అడగకుండ తీస్కపోయిండని రాస్త. తనే తెచ్చిండని గూడ రాస్త. రెండూ నిజాలే గదా." తర్వాత మెకానిక్ వైపు తిరిగారు. "మళ్ల మళ్ల తప్పు జేసేటోని దగ్గరికి మళ్ల మళ్ల పోవాలె సేటూ. ఒక్కసారి చెప్పి ఇడిసిపెడితే చెప్పినట్టు గాదు."

బోర్డు వాణ్ణి అక్కడే ఉండనిచ్చింది. వదిన వెళ్లడమూ మానలేదు. ప్రభుత్వ విధానమంటే ఫైళ్లలో ఉండేదనుకునేదాన్ని. మా ఇంట్లో అది చెప్పులేసుకుని, స్కూటరెక్కి బయల్దేరేది. ఆ ఇంటి కోడలినని చెప్పుకోవడం నాకు గర్వం.

ఆ పిల్లవాడికి ఇప్పుడు శామీర్‌పేట రోడ్డు మీద సొంత షాపుంది. వదిన జబ్బుపడకముందు స్కూటర్‌ను రిపేరుకు అతనికే ఇచ్చారు. ఆదివారం తీసుకొచ్చాడు.

"బండి అయిపోయిందమ్మా. మేడం ఒకసారి నడిపి చూస్తే…" అని ఆగి, గేటు లోపల నిలబెట్టి, తాళం దానికే వదిలేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఇంట్లో ప్రతి తాళాన్నీ దాని మేకుకే తగిలించే నేను, దాన్ని మాత్రం తియ్యలేకపోయాను. స్కూటర్‌కే వేలాడుతూ, గాలికి మెల్లగా ఊగుతోంది.