పెద్దల ఆకులో బీన్సు

మా నాయన తమిళనాడులో పాలక్కోడు పక్క పల్లెలో బీన్సు, టమాటా పండించేవాడు. ఊరూరికీ కూరలు పంపిన ఆ మనిషి కంచంలో మాత్రం కొండలా అన్నం, పైన చింతపండు చారు, పక్కన ఊరగాయ. మాకదేమీ వింతగా ఉండేది కాదు. మంచి కాయ మండీకి పోవాలి. వంకర పోయినదీ, పురుగు కొరికినదీ ఇంటికి రావాలి. అదీ మిగిలితే ఆవుకి.

మంచి కాయ మా పొయ్యి ఎక్కేది ఏడాదికొక్కసారి, మహాలయ అమావాస్యకి. చనిపోయిన పెద్దలకు ఆకులో వండి పెట్టేటప్పుడు పుచ్చిన కాయ పనికిరాదు. ఆ రోజు నాయనే లేతవి ఏరి ఇచ్చేవాడు.

"మనింట్లో మంచి బీన్సు తినల్లంటే సచ్చిపోవల్ల" అని నవ్వేవాడు.

"పెద్దల దినం ఏం కూతలవి" అని అమ్మ కసిరేది.

ఊళ్ళోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో నాయన కాలి బొటనవేలికి పుండు పడింది. ఎంతకీ మానకపోతే ధర్మపురికి తీసుకుపోయాం. సుగర్ అన్నారు. డాక్టరమ్మ కాగితం మీద పళ్ళెం బొమ్మ గీసి, సగం కూరలుండాలని, అన్నం కొంచెమే తినాలని తమిళంలో నిదానంగా చెప్పింది. కూరలు పండించేదే మేము కదా అని నాయన కాస్త గర్వంగా కూడా చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ గంపలోంచి రెండు గుప్పెళ్ళ బీన్సు తీసింది. నాయన వాటిని ఆమె చేతిలోంచి లాక్కుని మళ్ళీ గంపలో వేశాడు.

"అది మండీకి పోయే కాయ. నాకు పుచ్చుది సాలు. రైతే తినేస్తే సంతకేమి పోతుంది?"

పుచ్చులు కోసి పారేస్తే గరిటెడు కూర కూడా మిగలదు. ఆకలికి మళ్ళీ అన్నమే. నాకు ఒళ్ళు మండిపోయేది. పిసినారితనం కాదది, మందులకు ఏనాడూ వెనకాడలేదు. మంచిది బయటికి పంపి మిగిలింది తినడమే మర్యాదనుకుంటూ పెరిగిన మనిషి.

కూరలు తిని ఉంటే ఆ జబ్బు వచ్చేదే కాదని నేననను. ఎవరు చెప్పగలరు? వేలు తీసేశారు, తర్వాత పాదం తీసేశారు. ఆ చలికాలంలోనే నాయన పోయాడు. ఇప్పటికీ మండీలో బీన్సు గంపలు చూస్తే కోపమొస్తుంది. ఎవరిమీదో తెలియక ఏడుపొస్తుంది.

మరుసటి మహాలయ అమావాస్యకి అమ్మ ఒక్కతే తోటలోకి పోయి గంపెడు లేత కాయ కోసుకొచ్చింది. నాయనకు వేసిన ఆకులో నేను అలవాటు కొద్దీ అన్నం కుప్పగా పెట్టాను. అమ్మ నా చేయి పట్టి ఆపింది. సగానికి పైగా అన్నం వెనక్కి తీసి, ఆకులో సగం దాకా కొబ్బరేసి వేపిన బీన్సు పొరియల్ పరిచింది. తర్వాత నాయన పటం వైపు తిరిగింది.

"డాక్టరమ్మ చెప్పినట్లే పెట్టినాను. ఇంక ఎత్తి గంపలో ఎయ్యలేవు గదా. తిను."